గోడవతల విన్న మాట

“నేను బయట ఉన్నా.”

నిన్నటి నుంచి కోకిల చెబుతున్నది ఈ ఒక్క మాటే. ఇన్‌స్పెక్టర్ కేశవన్ నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ అదే చెప్పింది. ఇప్పుడు తిరుత్తణి స్టేషన్ వెనక గదిలో, గోడ గడియారం పదింపావు చూపిస్తుండగా, తల వంచుకుని అయిదోసారి చెప్పింది.

కేశవన్ బల్లను అరచేత్తో చరిచాడు.

“విన్నారా రాజులు సార్? బయట ఉందట! ఆ ఇంటి ఎదురుగా అంగడికి కెమెరా ఉంది. నేనే కూర్చుని చూశాను. నిన్న ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆ వాకిట్లోంచి ఒక్కరు బయటికి రాలేదు, ఒక్కరు లోపలికి పోలేదు. పెరటి చుట్టూ గోడ. ఇంట్లో ఉన్నది అత్తా కోడలూ. అత్త చచ్చిపోయింది. కోడలేమో బయట ఉందట. ఏ బయట? ఆకాశంలోనా?”

కేశవన్‌ది తిరునెల్వేలి పక్క. ఈ ఊరికి బదిలీ అయి నాలుగు నెలలు. తెలుగు ఒక్క ముక్క రాదు. అతను తమిళంలోనే అడుగుతాడు, కోకిల తమిళంలోనే చెబుతుంది.

సుందరరాజులు కోకిలనే చూస్తున్నాడు. ముప్పై రెండేళ్ళు ఈ జిల్లాలోనే హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయిన మనిషి. ఇప్పుడు తిరువళ్ళూరులో చిన్న డిటెక్టివ్ ఆఫీసు. పొద్దున ఆరింటికి కోకిల అన్న ఆనందరాజ్ వచ్చి కాళ్ళమీద పడ్డాడు. డీఎస్పీకి ఫోన్ చేసి అనుమతి తెచ్చుకునేసరికి ఇంత పొద్దెక్కింది. సాయంత్రం నాలుగింటికి కోకిలను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెడితే హత్య కేసు, జైలు.

“మీ దగ్గర ఇంకేముంది?” అన్నాడు.

“కారణం ఉంది. శ్రీపెరుంబుదూరు పక్కన కంపెనీలో ఈమెకు ఉద్యోగం వచ్చింది. మగ్గం వదిలేసి పోతానంది. అత్త సెల్లమ్మ వద్దంది. వారం రోజులుగా గొడవ. సాక్షి కూడా ఉంది. పక్కింటి సెల్వి. మూడూ నలభైకి గోడవతల నుంచి ముసలామె అరుపు విన్నది. ‘కోకిలా, తళ్ళి, నిల్లు’ అని. తోసి, నిలబడు అని! చచ్చిపోయే మనిషి తోసినదాని పేరు పెట్టి చెప్పింది. సెల్లమ్మ మగ్గం గుంటలో తల పగిలి పడి ఉంది. పక్కింట్లో అరుపు వినబడింది, ఇంట్లోనే ఉన్న కోడలు అయిదు నిమిషాల తర్వాత పోయి చూసిందట. మీకు ఇంకేం కావాలి?”

“పది నిమిషాలు కావాలి. ఈ అమ్మాయితో. మీరు లేకుండా.”

కేశవన్ మూతి విరిచి లేచాడు. “అయిదు” అని పోయాడు. ఆడ కానిస్టేబుల్ జ్యోతిక తలుపు దగ్గర నిలబడింది. చిన్న వయసు, మెత్తని మొహం. పొద్దున కోకిలకు ఇడ్లీ తెప్పించి పెట్టింది ఆమే.

సుందరరాజులు కుర్చీ దగ్గరికి లాక్కోలేదు. ఇంకా కాస్త వెనక్కి జరుపుకున్నాడు. తెలుగులో, గొంతు తగ్గించి అడిగాడు.

“ఎన్నో దినం తల్లీ?”

కోకిల తలెత్తింది. నిన్నటి నుంచి మొదటిసారి. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగినాయి.

“నిన్నటికి రెండు, అయ్యా.”

బయట ఉండడమంటే అదీ. ఆ మూడు రోజులు వంటిల్లు ముట్టదు, మగ్గం ముట్టదు, దేవుడి సామాను ముట్టదు. పెరటి పంచలో చాప, కంచం, లోటా వేరు. మగవాడికి, అందులో పోలీసుకు, ఇంతకంటే విడమరిచి చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. కేశవన్‌కు ఆ తలవంచుడు అబద్ధంగా కనబడింది.

“నిన్న కొత్త పడుగు అతుకుతున్నారని మీ అన్న చెప్పినాడు. అతికింది ఎవరు?”

“నేనే అతకాల్సింది. సోమవారం మంచిదని ముందే పెట్టుకున్నాం. నేనిట్లయితినని అత్తే కూసునె. అన్నం తిని ఒకటిన్నరకు గుంటలో కాళ్ళు పెట్టె.”

“నీ మొగుడు కన్నన్‌కు తెలుసా, నువ్వు బయట ఉండేది?”

“ఆయనకెట్ల తెలుస్తాది? శనివారం పొద్దున్నే ఆరణికి పోయినాడు, పట్టు చీరలిచ్చేదానికి. నిన్న రాత్రి గదా వచ్చినాడు. నేను ఆదివారం...” ఆగిపోయింది.

“సరేమ్మా. మూడూ నలభైకి ఏం జరిగింది? అయిదు నిమిషాలు ఎందుకు పట్టింది?”

కోకిల పమిట కొస నలిపింది. “అత్త పిలిచింది. నేను పోలేకపోతి. నేను ఆలస్యం చేసినా అయ్యా, నేనే...”

తలుపు తెరుచుకుంది. “టైమయింది” అన్నాడు కేశవన్. ఆ చివరి మాట అతని చెవిన పడింది. “నేనే అంటే మా తమిళంలో నానే. ఒప్పుకుంది గదా?”

“ఇల్లు చూద్దాం పదండి” అన్నాడు సుందరరాజులు.

* * *

పదకొండూ ఇరవై. నేతగాళ్ళ వీధిలో మూడో ఇల్లు. శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది, పోస్టుమార్టం ఒంటిగంటకు. అరుగు మీద కన్నన్ మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, నిన్నటి చొక్కానే. పోలీసులను చూసినా లేవలేదు.

కేశవన్ మగ్గం గదికి వేసిన సీలు తీశాడు.

సుందరరాజులు లోపలికి పోలేదు. గడప దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. గడప బయట ఒక స్టీలు లోటా బోర్లా పడి ఉంది. నీళ్ళు ఆరి సున్నపు మరక మిగిలింది. లోటా అంచుకు ఎర్రదారం చుట్టి ఉంది. లేచి పెరటి పంచకు పోయి చూశాడు. చాప ఉంది. కంచం ఉంది. కంచం అంచుకూ అదే ఎర్రదారం. లోటా లేదు.

“ఇది కోడలిది. వేరు పెట్టుకున్నది. ఇది ఇక్కడికి ఎట్లా వచ్చింది?”

“కాళ్ళున్నాయేమో లోటాకు” అన్నాడు కేశవన్. “సార్, నాకు లోటా వద్దు. హంతకురాలు దొరికింది.”

సుందరరాజులు మగ్గం గదిలోకి అడుగుపెట్టాడు. గుంటమగ్గం. నేల తవ్వి చేసిన గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి నేస్తారు. లోపల కాలితో తొక్కే కర్రలు. ఒక కర్ర కొసకు ఎండిన నెత్తురు. మగ్గం మీద నిలువుగా పాత పడుగు చివర మిగిలిన పోగులు, వాటికి కొత్త పడుగు పోగులు సగం దాకా అతికి ఉన్నాయి. పక్కన చిన్న ఇత్తడి పళ్ళెంలో బూడిద.

ఆయన ముక్కు ఎగబీల్చాడు. ఏదో వాసన. వెల్లుల్లి వాసన.

వంటింట్లోకి పోయాడు. చారు గిన్నె, అన్నం గిన్నె, మజ్జిగ. బుట్టలో నాలుగు టమోటాలు, కరివేపాకు. వెల్లుల్లి పాయ ఒకటి లేదు.

“కన్నా!” అని కేకేశాడు. “నిన్న ఇంట్లో వెల్లుల్లి వాడినారా?”

“సోమవారం గదా అయ్యా” అన్నాడు కన్నన్ అరుగు మీద నుంచి. “సోమవారం మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి తగలవు.”

సుందరరాజులు మళ్ళీ మగ్గం దగ్గరికొచ్చి భూతద్దం తీశాడు. అతుకులను ఒక్కొక్కటే చూశాడు. కేశవన్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

“ఇన్‌స్పెక్టర్, ఇటు రండి. వంద పోగులకొక గుత్తి కట్టుకుని అతుకుతారు. మొదటి ఎనిమిది గుత్తులు చూడండి. అతుకు ఎక్కడుందో కంటికి కనబడదు. అలవాటైన చెయ్యి గంటకు అయిదారు వందలు అతుకుతుంది. అంటే మూడు దాకా సెల్లమ్మకు ఏమీ లేదు. తొమ్మిదో గుత్తి చూడండి. మెలి వదులు. పదో గుత్తిలో ఒక పోగుకు రెండు తగిలించింది. ఇక్కడ మూడు వదిలేసింది. ఇదిగో, ఇక్కడ తెంపేసింది. నలభై ఏళ్ళు నేసిన మనిషి.”

“వయసు సార్. చెయ్యి వణుకుతుంది.”

“ఒకటిన్నరకు లేని వయసు మూడింటికి వచ్చిందా?”

కేశవన్ మొహం ఎర్రబడింది. “నా సాక్షి అబద్ధమంటారా? ఆమెకు వీళ్ళతో పగలేదు. మదురై నుంచి వచ్చి రెండు నెలలు. చెవులారా విన్నది!”

“మీ సాక్షి నిజమే చెప్పింది. మీరు పోయి ఆమె పక్కన నిలబడండి. ఆమె నిన్న ఎక్కడుందో అక్కడే. నేనిక్కడ ఒక మాట అంటాను. ఏం వినబడిందో ఆమెనే చెప్పమనండి.”

“ఇదేం ఆట?”

“నేనోడితే ఇప్పుడే తిరువళ్ళూరు బస్సెక్కుతా.”

ఆ పందెం కేశవన్‌కు నచ్చింది. పోయాడు. గోడవతల సెల్వి బట్టలుతికే రాయి దగ్గర నిలబడినట్టు గాజుల చప్పుడు వినబడింది. సుందరరాజులు గుంట అంచున కూర్చున్నాడు. గొంతు ఎండిపోయిన ముసలిదాని లాగా, మూలిగినట్టు అన్నాడు.

“కోకిలా... తల్లీ... నీళ్ళు...”

గోడవతల సెల్వి కెవ్వుమంది.

“ఇదే సార్! ఇదే! ‘తళ్ళి, నిల్లు’! నిన్న ఇట్లాగే అన్నది! లోపల ఎవరు సార్? ఎవరన్నారు?”

కేశవన్ పరుగెత్తుకుని వచ్చాడు. అతని చెవులు కూడా అదే విన్నాయి. వాకిట్లో నిలబడి సుందరరాజులునే చూస్తున్నాడు.

“నేను తమిళం మాట్లాడలేదు ఇన్‌స్పెక్టర్. మా తెలుగులో కూతుర్నీ కోడల్నీ ముద్దుగా పిలిస్తే తల్లీ అంటాం. నీళ్ళంటే మీ తమిళంలో తణ్ణీ. మీరు ‘తోసి, నిలబడు’ అని రాసుకున్నారే, ఆ ముసలామె అన్నది ‘కోకిలా, అమ్మా, తాగేదానికి నీళ్ళియ్యి’ అని.”

కేశవన్ జేబులోంచి మడత పెట్టిన వాంగ్మూలం కాగితం తీశాడు. చదివాడు. మళ్ళీ మడవడం మరిచిపోయాడు.

“కోడలు వంటింటి బిందె ముట్టగూడదు. అందుకని పెరట్లో కొళాయి దగ్గరికి పోయి, తన లోటా కడిగి, నీళ్ళు పట్టి తెచ్చింది. ఇయ్యొచ్చా గూడదా అని ఈ గడప దగ్గర నిలబడి ఉంటుంది. అదీ మీ అయిదు నిమిషాలు. లోపల అత్త పడిపోయి కనబడింది. లోటా ఇక్కడ పారేసి దూకింది. అదే ఆ పిల్ల చెప్పలేక ‘నేనే, నేనే’ అని ఏడుస్తున్నది.”

“తోయలేదు” అన్నాడు కేశవన్ మెల్లగా. “మరి... గుండెపోటా?”

“గుండెపోటుకు వెల్లుల్లి వాసన రాదు.”

సుందరరాజులు చేతిరుమాలు చుట్టి బూడిద పళ్ళెం ఎత్తాడు. కేశవన్ ముక్కు దగ్గర పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ తల చటుక్కున వెనక్కి తీశాడు. పోలీసు ముక్కు అది. పురుగుమందు కేసులు ఎన్ని చూడలేదు.

“ఎలుకల మందు!”

“బూడిదలో కలిపినారు. రంగు రంగులో కలిసిపోయింది. పోగు జారకుండా వేలికి బూడిద అద్దుకుంటారు. పోగుకొస దొరకాలంటే వేలు నాలికకు తాకిస్తారు. నాలిక, బూడిద, పోగు. మళ్ళీ నాలిక. పదిన్నర గుత్తులు ఇన్‌స్పెక్టర్. వెయ్యిసార్లు! నీళ్ళు నీళ్ళని అల్లాడి, కళ్ళు తిరిగి, గుంటలో తలకిందులుగా పడింది. ఆసుపత్రికి చెప్పండి. తల సంగతి తర్వాత, కడుపు చూడమనండి.”

కేశవన్ వెంటనే ఫోన్ చేసి చెప్పాడు. చెబుతున్నంతసేపూ పళ్ళెం మీది నుంచి చూపు తిప్పలేదు. ఫోన్ పెట్టేసి అడిగాడు.

“ముసలామెను చంపాలని ఎవరికి...”

“ముసలామెను కాదు. నిన్న ఈ గుంటలో కూర్చోవాల్సింది కోకిల. బయట ఉందని ఆదివారం తెలిసింది ఇద్దరికే, అత్తకూ కోడలికీ. తెలియనిది ఈ ఇంట్లో ఒక్కడికే. శనివారం పోయి సోమవారం రాత్రి వచ్చినవాడికి.”

ఇద్దరూ అరుగు వైపు చూశారు. కేశవన్ చెయ్యి బెల్టు మీదికి పోయింది.

“ఆగండి” అన్నాడు సుందరరాజులు. “కన్నా, లోపలికి రా నాయనా.”

కన్నన్ వచ్చాడు. గుంటను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“ఒక్క పోగు అతికి చూపించు. ఇన్‌స్పెక్టర్‌కు పని తెలీదంట.”

“ఇప్పుడా అయ్యా? మా యమ్మ ఇంకా...”

“ఒక్కటే.”

సుందరరాజులు పళ్ళెం ముందుకు జరిపి, పక్కనే, చెయ్యి అందేంత దగ్గరగా కూర్చున్నాడు. విషం కలిపినవాడు ఆ బూడిద ముట్టడు. ముట్టినా వేలు నోటికి తీసుకుపోడు. ఏదో సాకు చెబుతాడు. అందుకోసమే చూస్తున్నాడు.

కన్నన్ చేతులు పుట్టినప్పటి నుంచి చేసిన పనిని వాటంతటవే చేశాయి. ఎడమచేత్తో పోగు వెతికాడు. కుడిచేతి రెండు వేళ్ళు బూడిదలో అద్దాడు. ఏమాత్రం తడబడకుండా నాలిక మీదికి...

సుందరరాజులు వాడి మణికట్టు పట్టి కిందికి కొట్టాడు. పళ్ళెం ఎగిరి గోడకు తగిలింది. కన్నన్ బిత్తరపోయి చూశాడు. అంతకంటే ఎక్కువ బిత్తరపోయింది సుందరరాజులు. ఇన్నేళ్ళలో ఆయన లెక్క ఇట్లా తలకిందులు కాలేదు. వీడికి తెలియదు!

“ఏందయ్యా? ఏమాయె?”

“దాంట్లో ఎలుకల మందు ఉందిరా! మీ అమ్మ అది నాలికకు తగిలే చచ్చిపోయింది!”

కన్నన్ గోడ మీద చిమ్మిన బూడిదను చూశాడు. తన వేళ్ళను చూసుకున్నాడు.

“ఎలుకల మందు యాడిది? అది సామి విభూతి గదా. నేనే గదా కలిపినా.”

మాట బయటికొచ్చాక దాని అర్థం వాడికే ఒక్కొక్క ముక్కగా తెలిసినట్టుంది. బూడిద వేళ్ళను చొక్కాకు రుద్దుకున్నాడు.

“మా యమ్మ... నేను... మా యమ్మనా అయ్యా?”

కేశవన్ వాడి భుజాలు పట్టి కుదిపాడు. “ఏ సామి? ఎవరిచ్చారు?” తమిళంలో అడిగాడు. కన్నన్ తమిళమూ తెలుగూ కలిపి, వెక్కుతూ చెప్పాడు.

“పోయిన గురువారం పళ్ళిపట్టు బస్సులో... పక్కన కూసున్నాడు. పెద్దాయన, కాషాయం చొక్కా. నేను చెప్పకనే అన్నీ చెప్పినాడు సార్. నీ పెండ్లాం పేరు కోకిల, మగ్గం వదిలి కంపెనీకి పోతానంటాది, నీకు నిద్ర పట్టడంలేదు అని. దీన్ని మగ్గం బూడిదలో కలుపు, ఆమె నాలికకు తగిలితే మనసు మగ్గం మీదనే నిలబడతాది అనె. ఆమెకు చెప్పద్దనె. కర్పూరం వాసన ఘుమ్మంటా ఉన్నింది సార్. శనివారం పోయేటప్పుడు కలిపి పోతి. పోవద్దని... ఆమె నన్ను వదిలి పోవద్దని సార్, అంతే!”

కర్పూరం రెండు రోజుల్లో ఎగిరిపోయింది. అడుగునున్న వాసన మిగిలింది. సుందరరాజులు మనసులో లెక్క కట్టాడు. ఆ కాషాయంవాడికి పేరు తెలుసు, గొడవ తెలుసు. నేతగత్తె వేలు నాలికకు తాకిస్తుందని కూడా తెలుసు. ఎవడో ఈ ఇంటి లోపలి సంగతి అంతా తెలిసినవాడు, కోకిలను మొగుడి చేత్తోనే చంపించాలనుకున్నాడు.

“పొట్లం కాగితం ఉందా?”

“పారేస్తి అయ్యా. రెండిచ్చినాడు. ఒకటి బూడిదలోకి. దాంతో ఆమె మనసు మారకుంటే ఇంకోటి నోట్లో వేసుకోమని చేతికియ్యమనె.”

“రెండోది యాడ?”

కన్నన్ వీధి వైపు తిరిగాడు. వాడి కళ్ళు పెద్దవవుతున్నాయి.

“రెండోది యాడరా!”

“పొద్దున... స్టేషన్లో కోకిలకు ఇచ్చి వస్తి. సామి ప్రసాదం, కేసు తేలిపోతాది, నోట్లో వేసుకోమని.”

కేశవన్ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల గంట మోగుతున్నది. ఒకటి. రెండు. మూడు. స్పీకర్ నొక్కాడు. టైము పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ.

“సార్, జ్యోతిక.”

“ఆ అమ్మాయి ఎట్లా ఉంది? కోకిల? మొగుడిచ్చిన పొట్లం ఏమైంది? తిన్నదా?”

“లేదు సార్. బాగుంది, పడుకుంది. ఆమెకు దూరం, అదే, బయట ఉంది గదా సార్, మూడు రోజులు విభూతి ముట్టకూడదంటే బల్ల మీదే పెట్టించాను.”

కేశవన్ గోడకు ఆనుకున్నాడు. గుండెల్లో గాలి అంతా వదిలాడు. కన్నన్ రెండు చేతులూ మొహానికి కప్పుకుని గట్టిగా ఏడ్చాడు. సుందరరాజులు మాత్రం ఫోన్ వైపే చూస్తున్నాడు.

“అమ్మా జ్యోతికా, పొట్లం ఇప్పుడు బల్ల మీదే ఉందా?”

“కాగితం ఉంది సార్. ఫ్యాను గాలికి విప్పుకుని ప్రసాదం కిందపడేటట్టుంటే... మురుగన్ ప్రసాదం కాలికింద పడకూడదని నేనే కాస్త నుదుట పెట్టుకుని, మిగతాది నోట్లో వేసుకున్నాను. ఎందుకు సార్?”

కేశవన్ గొంతులోంచి మనిషిది కాని చప్పుడొకటి వచ్చింది. సుందరరాజులు అతని చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

“ఎంతసేపయింది?”

“పదకొండున్నరకు సార్. అయ్యో, ఏమయింది సార్? నాకు ఇప్పుడే కొంచెం కడుపులో తిప్పుతున్నట్టుంటే ఎండ అనుకున్నాను...”

“ఆసుపత్రికి పో అమ్మా, అది విషం!” అని సుందరరాజులు అరుస్తుండగానే కేశవన్ జీపు వైపు పరుగెత్తాడు.